టిక్కు, తాయిలం: గినీ పిగ్‌లకు చప్పుడుతో శిక్షణ ఇవ్వడం ఎలా?

ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడుకు మూలగదిలోంచి "వీక్ వీక్" అని ఈలలు వినపడుతున్నాయంటే మీ ఇంట్లో గినీ పిగ్‌కు (ఎలుక, ఉడుతల వర్గానికి చెందిన చిన్న పెంపుడు జంతువు) శిక్షణ అప్పటికే మొదలైందన్నమాట. నేర్పింది మీరే, కాకపోతే మీకు తెలియకుండా నేర్పారు. కొత్తిమీర కట్ట ఉన్న కవరు గరగరలాడిన ప్రతిసారీ దానికో రెమ్మ దొరికింది. ముందు గరగర, ఆ వెంటనే రెమ్మ. దానికి లెక్క కుదిరిపోయింది. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ లెక్కను మనం ఎంచుకున్న చప్పుడుకు, మనకు కావలసిన పనికి మళ్లించుకోవడం గురించే.

గుండ్రంగా తిరగడం, వలయంలోంచి నడిచి రావడం వంటి విద్యలు వీడియోలకు బాగుంటాయి. నేర్పండి, తప్పు లేదు. నా దృష్టిలో మాత్రం అసలు లాభం వేరే ఉంది. గినీ పిగ్ జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. దాని ఆరోగ్యం తెలియాలంటే వారం వారం తూకం వెయ్యాలి, నెలకోసారి గోళ్లు కత్తిరించాలి, అప్పుడప్పుడూ నోట్లో మందు పొయ్యాలి. వీటన్నిటికీ దాన్ని గదంతా తరిమి పట్టుకుంటూ పోతే కొన్నాళ్లకు మీ చెయ్యి కనిపిస్తే చాలు, పారిపోతుంది. అదే గినీ పిగ్ పిలిస్తే వచ్చి, తనంతట తాను త్రాసెక్కి కూర్చుంటే మీకూ దానికీ ఎంత హాయో ఆలోచించండి.

ఆ చెవులు, ఆ కళ్లు

గినీ పిగ్‌ల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెరూ, బొలీవియా వైపు వేల ఏళ్ల కిందటే వీటిని ఇళ్లలో పెంచడం మొదలైంది. వీటి అడవి బంధువులు నేటికీ అక్కడి గడ్డి మైదానాల్లో గుంపులుగా తిరుగుతూ, నక్కకో డేగకో చిక్కకుండా బతుకుతుంటాయి. ఇన్ని తరాలుగా మనిషి పంచన ఉన్నా ఆ భయం పోలేదు. పైనుంచి వచ్చే ప్రతి చెయ్యీ వీటికి డేగే. గట్టిగా కసిరితే బిగుసుకుపోతాయి, లేదా గూట్లో దూరతాయి. అలా కదలకుండా ఉండటాన్ని చూసి "ఎంత బుద్ధిగా కూర్చుందో" అని మురిసిపోయేవారు చాలామంది ఉన్నారు. అక్కడున్నది బుద్ధి కాదు, వణుకు. అందుకే వీటి శిక్షణలో దండనకు చోటే లేదు. జాలితో అంటున్న మాట కాదిది. భయపడిన గినీ పిగ్ తినదు, తినని గినీ పిగ్ నేర్చుకోదు.

ఇక వినికిడి. మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాలు అందుతాయి. గినీ పిగ్ దాదాపు 50 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. అంటే మనకు నిశ్శబ్దంగా తోచే గది దానికి గోలగా ఉండవచ్చు. ఎలుకలు పారిపోతాయంటూ ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరం ఇంట్లో ఉంటే ముందు దాన్ని తీసెయ్యండి. పెద్ద చప్పుడు వినగానే చెవి డొప్ప చటుక్కున కదలడం గినీ పిగ్‌లలో ఎంత స్పష్టంగా ఉంటుందంటే, ప్రయోగశాలల్లో వాటి వినికిడిని పరీక్షించడానికి దాన్నే చూస్తారు. ప్రేయర్ రిఫ్లెక్స్ అని దానికి పేరు. మీ పనికి కూడా ఇది ఉపయోగపడుతుంది: మీరు ఎంచుకున్న చప్పుడుకు చెవి మాత్రమే కదిలితే సరే, ఒళ్లంతా ఉలిక్కిపడితే ఆ చప్పుడు ఎక్కువైనట్టు.

కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ ఉన్నదంతా చూడగలవు. కానీ సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనబడదు, లోతు అంచనా కూడా అంతంతమాత్రం. తాయిలం పట్టుకుని "ఇదిగో, ఇదిగో" అని కళ్లెదుట ఊపితే లాభం ఉండదు. పక్కనుంచి తెచ్చి వాసన తగలనివ్వాలి. మీసాలతో తడిమి, మూతితో వెతుక్కుని అందుకుంటుంది. ఎత్తు తెలియని జంతువు కాబట్టి బల్ల మీదో మంచం మీదో శిక్షణ పెట్టుకోవద్దు. నేల మీద పాత దుప్పటి పరిచి, మీరూ నేలమీదే కూర్చోండి.

మొదలుపెట్టే ముందు

గినీ పిగ్ మీ ఇంటికొచ్చి వారం కూడా కాకపోతే ఈ పని వాయిదా వెయ్యండి. దూరడానికి గూడు, ఎప్పుడూ అందుబాటులో గడ్డి, తోడుగా ఇంకొక గినీ పిగ్, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. స్విట్జర్లాండులో 2008 నుంచి వీటిని ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం. మన దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఆ మాటలోని సత్యం ఎక్కడికీ పోదు. ఒంటరిది త్వరగా బెదురుతుంది, నెమ్మదిగా నేర్చుకుంటుంది. ఆడ ఏదో మగ ఏదో తేల్చుకున్నాకే జత చెయ్యండి. అంగట్లో చెప్పిన మాట నమ్మి తెచ్చుకున్న "ఇద్దరు అక్కచెల్లెళ్లు" మూడు నెలలు తిరగకుండా పిల్లలను పెట్టిన ఇళ్లు చాలానే ఉన్నాయి.

వేళ ముఖ్యం. వీటికి 18 నుంచి 24 డిగ్రీల వేడి సుఖంగా ఉంటుంది. 27 దాటితే ఇబ్బంది పడతాయి, 30 పైన వడదెబ్బ ప్రమాదం మొదలవుతుంది. విజయవాడ, రామగుండం ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున గానీ, రాత్రి గది చల్లబడ్డాక గానీ కూర్చోండి. మధ్యాహ్నం పూట శిక్షణ మాట మరిచి, గడ్డకట్టించిన నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, చాలు.

ఒకసారికి మూడు నుంచి అయిదు నిమిషాలు, రోజుకు ఒకటి రెండు సార్లు. అంతకు మించితే ఆసక్తి పోతుంది, కడుపూ నిండుతుంది.

తాయిలం ఏది, ఎంత?

ఒక నియమం ముందే చెప్పేస్తాను: ఆకలితో మాడ్చి నేర్పకూడదు. కుక్కకు ఒక పూట అన్నం ఆలస్యమైతే ఏమీ కాదు. గినీ పిగ్ పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. సగం రోజు ఏమీ తినకపోతేనే అది ప్రమాదం. కాబట్టి గడ్డిని ఎన్నడూ ఆపకండి. రోజూ పెట్టే కూరగాయల గిన్నెను శిక్షణకు ముందు కాకుండా తర్వాత పెట్టండి. ఆ చిన్న మార్పు చాలు.

తాయిలం కోసం పెట్ షాపులో రంగురంగుల పాకెట్లు కొనాల్సిన పని లేదు. పెరుగు చుక్కలు, గింజలు, తేనె కడ్డీలు అని అమ్మేవి వీటి పేగులకు పడవు. మన వంటింట్లో ఉన్నవే మేలు. క్యాప్సికం నా మొదటి ఎంపిక. గినీ పిగ్‌లు మనలాగే విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేవు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా తిండిలోంచే అందాలి. క్యాప్సికంలో అది పుష్కలం, ఎర్రదాంట్లో ఇంకా ఎక్కువ. రోజుకు ఒక కాయలో ఎనిమిదో వంతు తీసుకుని చిటికెన వేలి గోరంత ముక్కలుగా తరగండి. అవే ఆ రోజు జీతం. కొత్తిమీర రెమ్మలను కూడా ఒక్కో ఆకుగా విడదీయండి. కీరా దోసకాయ నీళ్లతో నిండి ఉంటుంది, ఎండాకాలానికి బాగుంటుంది. జామపండులో విటమిన్ సి మరీ ఎక్కువే కానీ తీపి ఉంది కాబట్టి, వారానికి రెండుసార్లు గోరంత ముక్కతో సరిపెట్టండి. దాన్ని అన్నిటికంటే కష్టమైన పనికి దాచుకోవాలి. క్యారెట్టుకూ ఇదే సూత్రం.

లేత గరిక కూడా వీటికి పంచభక్ష్య పరమాన్నమే. వినాయక చవితి రోజుల్లో పూల అంగళ్లలో కట్టలు కట్టలుగా దొరుకుతుంది, కానీ ఎక్కడ కోసుకొచ్చారో తెలియదు. రోడ్డు పక్కనా మందు కొట్టిన చోటా కోసినది వద్దు; కుండీలో మీరే పెంచుకుంటే చింత ఉండదు.

ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చాక్లెట్, అవకాడో, పాల పదార్థాలు, అన్నం, రొట్టె, బిస్కట్లు పెట్టకూడదు. పాలకూరలో ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ కాబట్టి రోజూ వాడితే మూత్రాశయంలో రాళ్లకు దారి తీయవచ్చు. "ఒక్క బిస్కట్ ముక్కేగా" అనే అతిథులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. తాయిలాల డబ్బా వారి చేతికి అందని చోట ఉంచండి.

మీ గినీ పిగ్‌కు ఏది ఇష్టమో దాన్నే అడగండి. నాలుగు రకాలు వరుసగా పెట్టి, ఏ ముక్క దగ్గరికి ముందు పోతుందో రెండు మూడు రోజులు గమనించండి. మా ఇంట్లో రెండు ఉన్నాయి, సున్నుండ, బూరె. బూరె క్యాప్సికం కోసం ఏమైనా చేస్తుంది. సున్నుండ దాన్ని వాసన చూసి తల తిప్పేసుకుని, కొత్తిమీర వైపు నడుస్తుంది. ఒకేచోట పెరిగినవే, ఒకే తిండి తిన్నవే.

రెండు చప్పుళ్లు కావాలి

చాలామంది ఒకే చప్పుడుతో అన్ని పనులూ చేయించాలని చూస్తారు. అక్కడే పని చెడుతుంది. మనకు రెండు వేరువేరు చప్పుళ్లు కావాలి.

మొదటిది పిలుపు. "రా, ఇక్కడ తిండి ఉంది" అని దాని అర్థం. ఇది కాస్త పొడవుగా, గదిలో ఎక్కడున్నా వినపడేలా ఉండాలి. తాయిలాల డబ్బాలో నాలుగు ఎండు గడ్డి గుళికలు వేసి గలగలలాడించవచ్చు, నోటితో సన్నగా ఈల వెయ్యవచ్చు. ఇంట్లో మామూలుగా వచ్చే చప్పుడు మాత్రం ఎంచుకోకండి. కుక్కర్ ఈలను పోలిన ఈల వేస్తే పప్పు ఉడికిన ప్రతిసారీ అవి పరుగెత్తుకొచ్చి, ఏమీ దొరక్క వెనక్కి పోతాయి. కొద్ది రోజుల్లో మీ ఈలకు విలువ పోతుంది.

రెండోది టిక్కు. "ఇదిగో, ఇప్పుడు చేశావే, అదే కావాలి" అని చెప్పే పొట్టి చప్పుడు. టిఫిన్ సెంటరులో డబ్బు కట్టగానే చేతికిచ్చే టోకెను లాంటిదిది. ఇడ్లీ ఇంకా రాలేదు, వస్తుందన్నది మాత్రం ఖాయం. ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర చదువుకున్న కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు 1940లలోనే అమెరికాలో క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) చప్పుడుతో కుక్కలకు, కోళ్లకు కూడా విద్యలు నేర్పారు. కోడి నేర్చుకోగా లేనిది గినీ పిగ్ ఎందుకు నేర్చుకోదు?

కుక్కల కోసం అమ్మే క్లిక్కర్ వీటికి మరీ కటువు. కొన్నదే వాడాలనుకుంటే దాన్ని సాక్సులో చుట్టి జేబులో నొక్కండి. నేనైతే బాల్ పెన్ను మీట వాడతాను. నాలుకను అంగిలికి తగిలించి "టక్" అనిపించడం కూడా బాగా పనిచేస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. మాటలు టిక్కుగా పనికిరావు. "వెరీ గుడ్", "శెభాష్" అని మనం రోజూ ఒకే గొంతుతో అనం. కోపంగా ఉన్నప్పుడు ఒకలా, ముద్దొచ్చినప్పుడు ఒకలా అంటాం. పెన్ను ఎప్పుడూ ఒకలాగే అంటుంది.

మొదటి మెట్టు: చేతి నుంచి తినడం

గూటి పక్కన నేల మీద కూర్చోండి. అరచేతిలో తాయిలం పెట్టుకుని చెయ్యి నేలకు ఆనించండి. వెంట పడకండి, ముందుకు తొయ్యకండి. అది వచ్చి లాక్కుని గూట్లోకి పారిపోతే పారిపోనివ్వండి. అక్కడ తినడం దాని హక్కు. రోజులు గడిచేకొద్దీ పారిపోయే దూరం తగ్గుతుంది, చివరికి మీ చేతి పక్కనే నిలబడి నమలడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా రెండో మెట్టు ఊసే వద్దు. కొన్నిటికి రెండు రోజులు చాలు, బాగా బెదిరినవాటికి నెల కూడా పట్టవచ్చు.

రెండో మెట్టు: టిక్కుకు విలువ కట్టడం

ఇప్పుడు దాన్ని ఏ పనీ చెయ్యమని అడగం. టిక్కుమనిపించండి, సెకను లోపల తాయిలం మూతి దగ్గర పెట్టండి. నమిలి మింగనివ్వండి. మళ్లీ టిక్కు, మళ్లీ ముక్క. పది ముక్కలతో ఆ పూటకు ఆపండి.

వరుస తప్పకూడదు. ముందు టిక్కు, తర్వాత చెయ్యి కదలాలి. చెయ్యి ముందు డబ్బాలోకి వెళ్లి, టిక్కు తర్వాత వస్తే అది మీ చేతిని గమనించడం నేర్చుకుంటుంది, చప్పుడును పట్టించుకోదు. రెండూ ఒకేసారి జరిగినా అంతే. ఇంకొక కట్టుబాటు: టిక్కుమంటే ముక్క పడాల్సిందే. పొరపాటున నొక్కినా సరే, పిల్లలు ఆటకు నొక్కినా సరే, ఇచ్చి తీరాలి. ఈ పద్ధతి మొత్తం ఆ ఒక్క నమ్మకం మీదే నిలబడి ఉంది.

నాలుగైదు పూటల తర్వాత పరీక్షించండి. అది వేరే వైపు చూస్తున్నప్పుడు టిక్కుమనిపించండి. చటుక్కున తల తిప్పి మీ చేతి కోసం వెతికిందంటే విలువ కుదిరింది. లేదంటే ఇంకొన్ని రోజులు ఇదే చెయ్యండి.

మూడో మెట్టు: పిలిస్తే రావడం

ముందు ఒక అడుగు దూరం నుంచి. డబ్బా గలగలలాడించండి, లేదా ఈల వెయ్యండి. అది మీ వైపు ఒక అడుగు వేసినా టిక్కు, ముక్క. కొద్ది రోజులు పోయాక మీరు దుప్పటి అవతలి అంచుకు జరగండి, తర్వాత గది మూలకు, ఆ తర్వాత గుమ్మం దాకా. దూరం పెంచిన రోజు వేరే ఏ కష్టమూ జోడించవద్దు. కొత్త మనుషులు, టీవీ చప్పుడు, కొత్త గది, వీటిని ఒక్కొక్కటిగా తర్వాత చేర్చవచ్చు.

పిలిచి ఎన్నడూ ఇష్టం లేని పని చెయ్యకండి. పిలవగానే వచ్చినదాన్ని పట్టుకుని గోళ్లు కత్తిరిస్తే మళ్లీసారి రాదు. గోళ్ల సంగతి వేరే మెట్టులో, వేరే ఒప్పందంతో నడపాలి.

నాలుగో మెట్టు: కర్రను ముట్టడం

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. ఐస్‌క్రీం పుల్లలాంటి చిన్న కర్ర తీసుకోండి. దాని కొసకు నీలి రంగు టేపు చుడితే మేలు. గినీ పిగ్‌లు మనలా అన్ని రంగులనూ గుర్తించలేవు కానీ నీలాన్నీ ఆకుపచ్చనూ వేరుగా చూడగలవు. నేర్పాల్సింది ఒక్కటే: ముక్కుతో ఆ కొసను ముట్టాలి.

కర్రను మూతికి పక్కగా, బెత్తెడు దూరంలో పట్టుకుని కదలకుండా ఉండండి. కొత్త వస్తువు ఏదైనా వాసన చూడటం దాని స్వభావం. బూరె దీన్ని నేర్చుకున్న పూట ఇలా జరిగింది: మొదట చెవి డొప్ప కర్ర వైపు తిరిగింది. టిక్కు, ముక్క. తర్వాత మెడ సాగింది, ముందు కాళ్లు ముందుకు జరిగాయి, వెనక కాళ్లు మాత్రం అవసరమైతే పారిపోవడానికి ఉన్నచోటే ఉన్నాయి. టిక్కు, ముక్క. మీసాలు కొసకు తగిలాయి, ముక్కు పుటాలు చకచకా ఆడాయి. టిక్కు. ఇక నాలుగోసారి కర్ర చూపగానే నేరుగా వచ్చి తడి ముక్కుతో టేపును పొడిచి, నమలడానికి సిద్ధంగా నోరు కదిలిస్తూ నా చేతివైపు తిరిగింది. ఆ ఆఖరి భంగిమ చూస్తే తెలిసిపోతుంది, విషయం దాని బుర్రకెక్కిందని.

కర్రను కొరికితే టిక్కు ఇవ్వవద్దు, తిట్టనూ వద్దు. కర్ర వెనక్కి తీసి రెండు క్షణాలు ఆగి మళ్లీ చూపండి. ముట్టడం కుదిరాక కర్రను కొద్దికొద్దిగా జరపండి; దాని వెంటే నడుస్తుంది. ఇప్పుడు మీ చేతిలో పగ్గం లేని పగ్గం ఉన్నట్టే. ఎటు కావాలంటే అటు తీసుకెళ్లవచ్చు.

అయిదో మెట్టు: త్రాసు, బుట్ట, గోళ్లు, మందు

వంటింటి డిజిటల్ త్రాసు నేల మీద పెట్టి, జారకుండా మీద ఒక గుడ్డ ముక్క వెయ్యండి. కర్ర చూపుతూ ముందు కాళ్లు ఎక్కితే టిక్కు, నాలుగూ ఎక్కితే టిక్కు, మూడు క్షణాలు నిలబడితే టిక్కు. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు తూచి రాసుకోండి. ఎదిగిన గినీ పిగ్ సాధారణంగా 700 నుంచి 1,200 గ్రాముల మధ్య ఉంటుంది. 20, 30 గ్రాములు అటూ ఇటూ కావడం సహజం. వారంలో 50 గ్రాములకు మించి తగ్గితే కారణం వెతకాలి.

బుట్ట లేదా క్యారియర్‌ను డాక్టరు దగ్గరికి వెళ్లే రోజే బయటకు తీస్తే దాన్ని చూడగానే దాక్కుంటాయి. మూత తీసి ఎప్పుడూ గదిలోనే ఉంచండి, లోపల గడ్డి వెయ్యండి. కర్రతో లోపలికి నడిపించి లోపలే తినిపించండి. మూత మూయడం, ఎత్తడం, నాలుగడుగులు మోయడం, ఇవన్నీ వేరువేరు పాఠాలు.

ఎత్తుకోవడానికి రెండు చేతులూ కావాలి: ఒకటి ఛాతీ కింద, ఇంకొకటి పిరుదుల కింద. ముందు చెయ్యి ఛాతీ కిందికి జరిపి టిక్కు, ముక్క, చెయ్యి తీసెయ్యండి. తర్వాత అంగుళం ఎత్తి దించండి. ఇది చాదస్తంగా తోస్తుందని తెలుసు. కానీ ఒక్కసారి పైనుంచి గుప్పున పట్టుకుంటే పోయే నమ్మకాన్ని కూడగట్టడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

గోళ్లు మొత్తం 14: ముందు కాలికి నాలుగు, వెనక కాలికి మూడు. అన్నీ ఒక్క పూటలో తీయాలన్న నియమమేమీ లేదు. కాలు ముడితే టిక్కు. పట్టుకుంటే టిక్కు. కత్తెర తగిలించి తీసేస్తే టిక్కు. ఆ తర్వాత రోజుకొక గోరు. తెల్ల గోటిలో ఎర్రగా రక్తనాళం కనిపిస్తుంది, దానికి ఇవతలే ఆపాలి. నల్ల గోటికి వెనకనుంచి టార్చి వేస్తే తెలుస్తుంది. జామపండు ముక్కను దాచమన్నది ఈ పనికే.

మందు పోసే సిరంజి కూడా జబ్బు రాకముందే పరిచయం కావాలి. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజిలో రెండు చుక్కల పుచ్చకాయ రసం తీసుకుని, ముందు పళ్లకు పక్కనుంచి పెదవికి తగిలించండి. ఎదురుగా గొంతులోకి చిమ్మకూడదు, పొర పోతుంది. వారానికోసారి ఈ రెండు చుక్కలు అలవాటైతే, తర్వాత చేదు మందుకు సగం పోరాటం తగ్గుతుంది.

విద్యలు

కర్రను గుండ్రంగా తిప్పితే అదీ గుండ్రంగా తిరుగుతుంది. కాస్త పైకి పట్టుకుంటే రెండు కాళ్ల మీద లేచి నిలబడుతుంది. వలయం అవతల పట్టుకుంటే లోంచి నడిచి వస్తుంది. పని బాగా కుదిరాక దానికి ఒక మాటో సైగో జోడించి, కర్రను మెల్లగా తీసెయ్యవచ్చు. ఎత్తైన అడ్డంకులు పెట్టి దూకించవద్దు, కాళ్లు సన్నవి. హామ్‌స్టర్‌లకు వాడే చక్రం, ప్లాస్టిక్ బంతి వీటి వెన్నుకు హాని చేస్తాయి.

ఒకటికీ రెంటికీ పళ్లెం వాడటం నేర్పడం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. తినేచోటే విసర్జించే అలవాటు వీటిది కాబట్టి, గడ్డి బుట్ట కింద పళ్లెం పెడితే చాలా మటుకు అందులో పడుతుంది. అంతకు మించి ఎవరు చెప్పినా నేను నమ్మను.

అది చేసే చప్పుళ్లు వినండి

మీ చప్పుడు అది వింటున్నప్పుడు దాని చప్పుడు మీరు వినకపోతే ఎలా? గట్టి ఈల తిండి కోసం. మెల్లని "చుట్ చుట్" గొణుగుడు తృప్తిగా తిరుగుతున్నప్పుడు. ఒళ్లు వదులుగా ఉండి లోగొంతుతో గురగురలాడితే సుఖంగా ఉన్నట్టు. అదే గురగుర పొట్టిగా, ఒళ్లు బిగించి వస్తే భయం లేదా చికాకు. పళ్లు టకటకలాడిస్తే "దగ్గరికి రాకు" అని హెచ్చరిక, ఆ పూటకు పాఠం ఆపాల్సిందే. చేతిని తలతో విసురుగా తోసేస్తే ముట్టుకోవద్దని అర్థం. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి మెలి తిరిగితే పట్టలేని సంతోషం.

తాయిలం నోట్లో పెట్టుకుని నమలకుండా నిలబడితే దాన్ని కూడా చూసీచూడనట్టు వదలకండి. అది దేన్నో విని ఆగింది. పక్కింటి కుక్కో, వీధిలో డప్పో అయి ఉంటుంది. తిరిగి నమలడం మొదలుపెట్టేదాకా ఆగండి. దీపావళి వారంలో కొత్త పాఠాలు పూర్తిగా మానెయ్యండి. గూటిని లోపలి గదిలోకి మార్చి, కిటికీలు మూసి, గడ్డి రెట్టింపు వెయ్యండి.

రెండూ ఒకేసారి ఎగబడితే

జంటలో ఒకటి పెత్తనం చేస్తుంది. మెతకది కర్రను ముడుతుంది, ముక్కను రెండోది లాక్కుంటుంది. విడివిడిగా నేర్పడమే మార్గం, కానీ వేరే గదిలోకి తీసుకెళ్తే రెండూ కంగారు పడతాయి. మధ్యలో జాలీ అడ్డం పెట్టండి. ఒకదానికొకటి కనపడాలి, వాసన తగలాలి. ఒకటి పాఠంలో ఉండగా రెండోదాని వైపు కొత్తిమీర కాడలు చల్లండి, అది వెతుక్కుంటూ ఉంటుంది. టిక్కు ఇద్దరికీ వినపడుతుందిగా అని సందేహం రావచ్చు. పెన్ను ఒకదానికి, నాలుక చప్పుడు ఒకదానికి కేటాయిస్తే ఆ చిక్కు తీరుతుంది.

మధ్యలో వచ్చే చిక్కులు

తెల్లవారుజామున ఈలలు వేసి లేపుతుంటే, ఈల వినపడగానే లేచి తిండి పెట్టడం ఆపాలి. ఇప్పటిదాకా అవే మీకు శిక్షణ ఇచ్చాయి. రాత్రి పడుకోబోయే ముందు గడ్డి నిండుగా వెయ్యండి, పొద్దున లేచాక అవి ఊరుకున్న క్షణం చూసి గిన్నె పెట్టండి. మొదటి నాలుగు రోజులు ఈలలు ఇంకా పెరుగుతాయి, ఓర్చుకోవాలి.

వేలు కొరుకుతుంటే చాలాసార్లు కారణం వేలికి అంటిన కూరగాయ వాసన. చేతులు కడుక్కుని, ముక్కను వేళ్లతో కాకుండా అరచేతిలో అందించండి. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ మరిచినట్టుంటే రెండు మెట్లు వెనక్కి వెళ్లి, సులువైనది చేయించి ముగించండి.

టిక్కు మెల్లగా తగ్గించవచ్చు. బాగా వచ్చిన పనికి ప్రతిసారీ టిక్కు అక్కర్లేదు, రెండు సార్లకోసారి, మూడు సార్లకోసారి ఇచ్చినా చేస్తుంది. పిలుపుకు మాత్రం ఆ పొదుపు వద్దు. పిలుపు విని వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరకాలి, గడ్డి పరక అయినా సరే. ఎప్పుడో తలుపు తెరిచి ఉన్నప్పుడు అది వరండాలోకి పోతే వెనక్కి రప్పించేది ఆ పిలుపే.

ఆ పిలుపే ఇంకొక పనికీ వస్తుంది. రోజూ గలగలకు పరుగెత్తుకొచ్చేది ఒకరోజు గూట్లోంచి కదలకపోయినా, ఇష్టమైన ముక్కను వాసన చూసి వదిలేసినా మొండితనం అనుకోకండి. పంటి బాధో, పేగుల్లో గ్యాసో, వేడి దెబ్బో ఉండవచ్చు. రేపు చూద్దామనకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలు, పిల్లులను మాత్రమే చూసే వైద్యుడి కంటే చిన్న జంతువులను చూసిన అనుభవం ఉన్నవారి నంబరు ముందే సంపాదించి పెట్టుకోండి. ఇంట్లో ఉన్న మాత్రలు ఇవ్వకండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ రకం మందులు వీటి ప్రాణాలే తీయగలవు. వెళ్లేటప్పుడు బుట్టలో దాని తోడును కూడా కూర్చోబెట్టండి, వారం వారం బరువులు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేది ఆ అంకెలే.